చదవనివ్వని అక్షరాలు: లిండిస్‌ఫార్న్ సువార్తల గ్రంథంలో చిత్రం చేసే పని

మధ్యయుగ ఐరోపాలోని మతచిత్రాల ప్రస్తావన వచ్చినప్పుడల్లా ముందుగా వినిపించేది పోప్ మొదటి గ్రెగరీ మాట. మార్సెయి నగర బిషప్ సెరెనస్, జనం బొమ్మలకు మొక్కుతున్నారన్న కోపంతో చర్చిలోని చిత్రాలను పగలగొట్టించాడు. క్రీ.శ. 600 ప్రాంతంలో గ్రెగరీ అతనికి ఉత్తరాలు రాస్తూ, బొమ్మలకు మొక్కడం తప్పేనని ఒప్పుకుంటూనే వాటిని ధ్వంసం చేసినందుకు మందలించాడు. చదువు వచ్చినవాడికి గ్రంథం ఏ మేలు చేస్తుందో చదువు రానివాడికి చిత్రం అదే మేలు చేస్తుందన్నది ఆయన వాదన. ఆ తర్వాత శతాబ్దాల పాటు చర్చి గోడల మీది చిత్రాలకూ, రంగుల గాజు కిటికీలకూ, ద్వారాల మీది శిల్పాలకూ ఈ మాటే సమర్థనగా నిలిచింది. మధ్యయుగ కళను పరిచయం చేసే వ్యాసాల్లో నేటికీ ఇదే వివరణ కనిపిస్తుంది.

గోడ మీది చిత్రానికి ఈ వివరణ సరిపోతుంది. అదే కాలంలో మఠాల్లో తయారైన చిత్రిత రాతప్రతులకు దీన్ని వర్తింపజేయబోతే మాత్రం ఆదిలోనే చిక్కు వస్తుంది. చదువు రానివాడి చేతికి ఆ పుస్తకాలు అందేవే కావు. వాటిని తెరిచేది లాటిన్ నేర్చిన మఠవాసులు, మతగురువులు. పండుగ రోజున బలిపీఠం మీద దూరం నుంచి సామాన్యుడికి కనిపించేది, అట్ట మీద లోహంతో, రత్నాలతో చేసిన పని మాత్రమే. లోపలి పుటల్లోని చిత్రాలన్నీ చదవగలిగినవారి కోసం గీసినవే అయినప్పుడు, చదవగలిగినవాడికి బొమ్మతో పనేమిటి? అంతకన్నా ఆశ్చర్యకరమైన విషయం మరొకటుంది. ఈ గ్రంథాల్లో ఎక్కువ శ్రమపడి అలంకరించిన అక్షరాలే చదవడానికి అన్నింటికన్నా కష్టమైన అక్షరాలు. ఈ రెండు ప్రశ్నలకూ జవాబు వెతకడానికి లిండిస్‌ఫార్న్ సువార్తల గ్రంథానికి మించిన ఆధారం దొరకడం కష్టం.

లిండిస్‌ఫార్న్ ఇంగ్లండ్ ఈశాన్య తీరంలో, నాటి నార్తంబ్రియా రాజ్యానికి చెందిన చిన్న దీవి. సముద్రం పోటు మీద ఉన్నప్పుడు దీవికి వెళ్లే దారి మునిగిపోతుంది, ఆటు సమయంలో మళ్లీ బయటపడుతుంది. ఐరిష్ సంప్రదాయానికి చెందిన ఐడన్ అనే సన్యాసి స్కాట్లాండ్ పశ్చిమ తీరంలోని అయోనా దీవి మఠం నుంచి వచ్చి 635లో అక్కడ మఠం స్థాపించాడు. 687లో కన్నుమూసిన కత్‌బర్ట్ ఆ మఠానికి చెందిన మహాపురుషుడు. 698లో ఆయన సమాధిని తెరిచి, శరీరం చెడకుండా ఉందని ప్రకటించి, చర్చిలో ఎత్తైన చోట తిరిగి ప్రతిష్ఠించారు. ఆ ఏడే ఈడ్‌ఫ్రిత్ అక్కడ బిషప్ అయ్యాడు. 721లో మరణించేదాకా ఆ పదవిలోనే ఉన్నాడు. దేవుడి కోసం, కత్‌బర్ట్ కోసం ఈ గ్రంథాన్ని రాసింది ఈడ్‌ఫ్రిత్ అనీ, దానికి అట్ట కట్టింది ఎథెల్‌వాల్డ్ అనీ, ఆ అట్ట మీద బంగారు పని చేసి రత్నాలు పొదిగింది బిల్‌ఫ్రిత్ అనే ఏకాంతవాసి అనీ, పదో శతాబ్దంలో ఆల్డ్రెడ్ అనే మతగురువు పుస్తకం చివర రాసిపెట్టాడు. ఆ అట్ట ఇప్పుడు లేదు. ఆల్డ్రెడ్ మాట రెండున్నర శతాబ్దాల తర్వాతిది కాబట్టి దాన్ని కళ్లు మూసుకుని నమ్మనక్కర్లేదు. అయినా మూల పాఠాన్నీ చిత్రాలనూ ప్రధానంగా ఒకే చేయి పూర్తి చేసిందన్న అంచనాకు లిపి శాస్త్రజ్ఞులు కూడా వచ్చారు. గ్రంథ రచనా కాలం 700కూ 720కీ మధ్య అని ఎక్కువమంది పండితుల అభిప్రాయం.

పుస్తకంలో 259 పత్రాలున్నాయి. ఒక్కో పుట 36 సెంటీమీటర్లకు పైగా ఎత్తు, 27 సెంటీమీటర్లకు పైగా వెడల్పు ఉంటుంది. ఇంత పెద్ద పుటలు కావాలంటే ఒక దూడ చర్మం నుంచి మధ్యకు మడిచిన ఒక జత పత్రాలు మాత్రమే వస్తాయి. అంటే ఈ ఒక్క గ్రంథానికి నూరుకు మించిన దూడల చర్మాలు పట్టాయి. చర్మాన్ని సున్నపు నీటిలో నానబెట్టి, రోమాలు తీసి, చట్రానికి బిగించి, అర్ధచంద్రాకారపు కత్తితో రెండు వైపులా గీకి, బిగుతు పెంచుతూ ఆరనిస్తే రాతకు పనికొచ్చే చర్మపత్రం తయారవుతుంది. పశుసంపదే ధనమైన సమాజంలో ఒక మఠం ఇంత మందను పుస్తకానికి వెచ్చించిందంటే, ఆ పుస్తకం వారి దృష్టిలో ఎలాంటిదో ఊహించవచ్చు.

క్రీస్తు జీవితాన్ని చెప్పే నాలుగు సువార్తలూ ఇందులో ఒకే పద్ధతిలో మొదలవుతాయి. ముందు సువార్త రాసిన మత్తయి, మార్కు, లూకా, యోహానులలో ఒకరి చిత్రం వస్తుంది. పుట తిప్పితే ఎడమవైపు పుట నిండా అల్లికలతో తివాచీలాంటి అలంకరణ ఉంటుంది. అందులో ఒక్క అక్షరమైనా ఉండదు. దానికి ఎదురుగా కుడివైపు పుటలో సువార్త తొలి మాటలుంటాయి. తివాచీ పుటను మొదటిసారి చూసినవారికి పక్షులూ, కుక్కల్లాంటి మృగాలూ ఒకదాని మెడనొకటి, కాలునొకటి కరుచుకుంటూ సాగే అల్లిక తప్ప మరేమీ కనబడదు. కాసేపు చూస్తే ఆ అల్లికలోంచి ఒక సిలువ ఆకారం తేలుతుంది. మత్తయి సువార్తకు ముందున్న పుటలో సిలువకూ నేపథ్యానికీ ఒకే రకం అల్లిక నింపారు. అందుకే దృష్టి కాస్త చెదిరితే సిలువ మళ్లీ మృగాల గుంపులో కలిసిపోతుంది. ఈ తేలడం, మునగడం యాదృచ్ఛికం అనుకోవడానికి వీల్లేదు. కొలత తప్పని గీతల మీద ఈ అమరికను నిర్మించారు.

ఇక ఎదురు పుట. మత్తయి సువార్త తొలి మాటలు రాసిన ఆ పుటలో మొదటి మూడు అక్షరాలు పుట ఎత్తులో చాలా భాగం ఆక్రమిస్తూ, ఒకదానిలోంచి ఒకటి దూసుకుపోతూ కనిపిస్తాయి. తర్వాతి అక్షరాలు చిన్నవవుతూ వస్తాయి. మాటల మధ్య ఖాళీ ఉండదు, ఒక మాట వరుస చివర విరిగి తర్వాతి వరుసలోకి వెళుతుంది. కొన్ని అక్షరాలకు ఉత్తరాది రూనిక్ లిపి గీతల్లాంటి కోణాలున్నాయి. లాటిన్ బాగా వచ్చినవాడు కూడా ఈ పుటను గడగడా చదవలేడు. లోపలి పుటల్లో రాత ఇందుకు పూర్తిగా భిన్నం. అక్షరాలు గుండ్రంగా, నిదానంగా, రెండు నిలువు వరుసల్లో, ఎక్కడా సందేహానికి తావివ్వకుండా ఉంటాయి. పాఠం కూడా శుద్ధమైనది. లాటిన్ బైబిల్ పాఠ చరిత్రను పరిశీలించే పండితులు దీన్ని ప్రామాణిక ప్రతుల్లో ఒకటిగా లెక్కిస్తారు. స్పష్టంగా రాయగల చేయి, స్పష్టత విలువ తెలిసిన చేయి, సువార్త వాకిట్లో మాత్రం చదువరిని కావాలనే నిలబెట్టేసింది.

ఎందుకు నిలబెట్టిందో తెలుసుకోవాలంటే ఆ మఠాల్లో చదువు ఎలా సాగేదో తెలియాలి. లిండిస్‌ఫార్న్‌కు దక్షిణాన ఉన్న జారో మఠంలో ఈడ్‌ఫ్రిత్ కాలంలోనే జీవించిన బీడ్, 731లో ముగించిన తన చరిత్ర గ్రంథంలో కెడ్‌మన్ అనే పశువుల కాపరి కథ చెబుతాడు. చదువురాని కెడ్‌మన్ విట్‌బీ మఠంలో పవిత్ర గాథలు విని, వాటిని శుద్ధమైన పశువు నెమరువేసినట్టు మనసులో నెమరువేసి, మధురమైన పాటలుగా మార్చేవాడట. మఠవాసుల పఠనానికి నెమరువేతే ఆదర్శం. ఒక్క వాక్యాన్ని నోటితో పలుకుతూ, చెవితో వింటూ, జ్ఞాపకంలో తిప్పుతూ గంటల తరబడి దానితోనే ఉండడం వారి దినచర్యలో భాగం. అలాంటి పాఠకుడికి సువార్త తొలి వాక్యం ముందే కంఠస్థం. అతడికి ఆ పుట సమాచారం అందించనక్కర్లేదు, అతడి చూపును ఆపితే చాలు. అల్లుకుపోయిన అక్షరాన్ని విడదీసుకుంటూ కన్ను పడే శ్రమ, వాక్యాన్ని నెమరువేసే మనసు పడే శ్రమతో జత కలుస్తుంది. గ్రెగరీ చెప్పిన చిత్రం చదువుకు బదులుగా నిలుస్తుంది. ఈడ్‌ఫ్రిత్ గీసిన చిత్రం చదువుతూనే జరిగే ధ్యానానికి పనిముట్టు. పుస్తకం ప్రధానంగా బలిపీఠం మీద పూజలందుకోవడానికే తప్ప చదవడానికి చేసింది కాదనే అభిప్రాయం కూడా కొందరిలో ఉంది. అయితే కేవలం చూపించడానికే అయితే పాఠంలో అంత జాగ్రత్త అవసరం లేదు. ఈ రెండు ఉపయోగాలూ ఒకే పుస్తకంలో కలిసి ఉన్నాయనుకోవడమే న్యాయంగా తోస్తుంది.

గోడల విషయంలో బీడ్ గ్రెగరీ మాటనే అనుసరించాడని కూడా గుర్తుంచుకోవాలి. జారోకు జంట మఠమైన వేర్‌మత్‌ను స్థాపించిన బెనెడిక్ట్ బిస్కప్ రోము నుంచి పటాలు తెచ్చి చర్చిలో అమర్చాడనీ, చదువురానివారు కూడా లోపల ఏ వైపు చూసినా క్రీస్తు ముఖాన్నీ సెయింట్ల ముఖాలనూ చూడగలిగేవారనీ ఆయనే రాశాడు. ఒకే కాలంలో, ఒకే ప్రాంతంలో, గోడ మీది చిత్రానికి ఒక పని, పుస్తకంలోని చిత్రానికి మరో పని ఉండేవి.

లిండిస్‌ఫార్న్ గ్రంథంలో అలంకరణ ఎక్కడ పడితే అక్కడ ఉండదు. ఏ చోట ఉందన్నది పాఠం నిర్ణయిస్తుంది. మత్తయి సువార్త ఇందుకు మంచి ఉదాహరణ. ఆ సువార్త అబ్రాహాము నుంచి యోసేపు దాకా సాగే పెద్ద వంశావళితో మొదలవుతుంది. ఆ పేర్ల జాబితా ముగిశాక పద్దెనిమిదో వచనంలో అసలు కథ ప్రారంభమవుతుంది. తెలుగు బైబిల్‌లో ‘యేసు క్రీస్తు జననవిధ మెట్లనగా’ అని మొదలయ్యే వచనం అది. లాటిన్‌లో ఈ వచనపు తొలి మాట ‘క్రీస్తు’. దాన్ని లేఖకులు ఖీ, రో అనే గ్రీకు అక్షరాలతో సంక్షిప్తంగా రాసేవారు. లిండిస్‌ఫార్న్‌లో 29వ పత్రం ముందువైపు ఈ అక్షరాలు సువార్త ప్రారంభానికి ఏమాత్రం తగ్గని పరిమాణంలో పుట మీద విస్తరించాయి. పాఠం మధ్యలో, ఒక వచనం దగ్గర, రెండో ప్రారంభం చేసినట్టయింది. దైవం మనిషిగా పుట్టే క్షణం వంశావళి చివర వస్తుంది కాబట్టి పుస్తకం అక్కడ తిరిగి మొదలవుతుంది. ‘ఆ వాక్యము శరీరధారియై’ అని యోహాను సువార్త చెప్పే సిద్ధాంతానికి ఇంతకన్నా సూటి దృశ్యరూపం ఉండదు. పేరును సూచించే అక్షరాలు కండ పట్టి, వాటి లోపల ప్రాణులు కదలాడుతూ, పుటంతా తామే అవుతాయి. దేవుడి ముఖాన్ని ఎలా గీయాలి, అసలు గీయవచ్చా అన్న ప్రశ్న తూర్పు క్రైస్తవ ప్రపంచాన్ని చీల్చబోతున్న శతాబ్దంలో, ఈ ఉత్తరాది దీవిలో దేవుడి పేరునే రూపంగా నిలిపారు.

దాదాపు వందేళ్ల తర్వాత, 800 ప్రాంతంలో తయారై, ఇప్పుడు డబ్లిన్‌లోని ట్రినిటీ కళాశాలలో ఉన్న మరో సువార్తల ప్రతి, కెల్స్ గ్రంథం, ఇదే వచనం దగ్గర మరింత దూరం వెళ్లింది. లిండిస్‌ఫార్న్ పుటలో పేరు తర్వాత వచనం మరికొంత సాగుతుంది. కెల్స్ పుటలో మొత్తం పాఠం మూడే మాటలు. వాటిలో ఒక మాటకు ఒక్క సంక్షిప్తాక్షరమే మిగిలింది. ఖీ అక్షరపు పొడవాటి కాలు పుట ఎడమ అంచు వెంబడి వంపు తిరుగుతూ దిగుతుంది, దాని పక్కనే దేవదూతలున్నారు. రో అక్షరపు వంపు చివర ఒక మనిషి తల ఉంది. అడుగున, చూపు సులువుగా జారిపోయే చోట, రెండు పిల్లులు కాచుకుని కూర్చున్నాయి. వాటి ముందు రెండు ఎలుకలు ఒక గుండ్రని బిళ్లను కొరుకుతున్నాయి, మరో రెండు ఎలుకలు ఆ పిల్లుల వీపులెక్కాయి. ఆ బిళ్ల దివ్యబలిపూజలో పంచే అప్పమని చాలామంది వివరిస్తారు. ఆ పక్కనే ఒక నీటికుక్క చేపను పట్టుకుని ఉంది. చేప క్రీస్తుకు ప్రాచీన సంకేతం. ఈ చిన్న ప్రాణులకు ఒక్కొక్కదానికీ ఒక్కో సిద్ధాంతార్థం అంటగట్టే వ్యాఖ్యానాలు కొన్ని మితిమీరాయనే చెప్పాలి. ఎలుకలు, అప్పం, చేప ఒకే మూలలో, క్రీస్తు పేరు కిందే చేరడం మాత్రం చిత్రకారుడు తెలిసి చేసిన పని. శరీరంగా మారిన వాక్యం, ఆ శరీరంగా మారే రొట్టె, రెండూ ఆ పుటలో పక్కపక్కనే ఉన్నాయి.

కెల్స్ పాఠంలో తప్పులు ఎక్కువ. ఒక చోట ఒక పుట పాఠాన్నంతా రెండుసార్లు రాసి, అదనపు పుటను ఎర్రటి గుర్తులతో కొట్టేశారు. మత్తయి పదో అధ్యాయంలో క్రీస్తు తాను తెచ్చింది ఖడ్గమని చెప్పే చోట, లాటిన్ మాటలో అక్షరాలు మారి, తెచ్చింది సంతోషమన్న అర్థం వచ్చింది. చిత్రానికి ఇచ్చిన శ్రద్ధలో కొంత పాఠానికి ఇవ్వలేదన్నది స్పష్టం. ఈ రెండింటినీ సమతూకంలో నిలిపిన విషయంలో లిండిస్‌ఫార్న్ గ్రంథానిదే పైచేయి. కెల్స్‌కు ఎక్కువ పేరు రావడం చూసి ఈ తేడాను మరిచిపోకూడదు.

నాలుగు సువార్తలకూ నాలుగు చిహ్నాలు క్రైస్తవ చిత్రకళలో స్థిరపడిన సంప్రదాయం. యెహెజ్కేలు ప్రవక్త దర్శనంలోనూ, ప్రకటన గ్రంథంలోనూ దైవ సింహాసనం దగ్గర కనిపించే నాలుగు జీవులను సెయింట్ జెరోమ్ నలుగురికి పంచాడు. మానవ వంశావళితో మొదలయ్యే మత్తయికి మనిషి, అరణ్యంలో కేక వేసే స్వరంతో మొదలయ్యే మార్కుకు సింహం, ఆలయంలో యాజకుడి సేవతో మొదలయ్యే లూకాకు బలిపశువైన దూడ, ‘ఆదియందు వాక్యముండెను’ అంటూ నేరుగా ఆకాశానికి ఎగిరే యోహానుకు గద్ద. గ్రెగరీ దీన్ని క్రీస్తుకే అన్వయించాడు. పుట్టుకలో మనిషి, మరణంలో దూడ, పునరుత్థానంలో సింహం, ఆరోహణలో గద్ద. సింహం పిల్లలు చచ్చి పుడతాయనీ, మూడో రోజున తండ్రి ఊపిరితో లేస్తాయనీ నాటి జంతుకథలు చెప్పేవి. ఆ నమ్మకం తెలిసిన చదువరికి మార్కు తల మీది సింహం కథ మొత్తం చెప్పేస్తుంది.

మత్తయి చిత్రం ఉన్న 25వ పత్రాన్ని కాస్త దగ్గరగా చూడాలి. మత్తయి ఒక పీట మీద కూర్చుని, ఒడిలో పుస్తకం పెట్టుకుని రాస్తున్నాడు. తల మీద రెక్కలున్న మనిషి బూర ఊదుతున్నాడు. కుడివైపు వేలాడే తెర వెనుక నుంచి, తల చుట్టూ కాంతివలయం ఉన్న గడ్డపు మనిషి ఒకడు చేతిలో పుస్తకంతో తొంగి చూస్తున్నాడు. అతడు క్రీస్తు అని కొందరు, పాత నిబంధన ప్రతీకగా మోషే అని కొందరు అంటారు. తెర వెనుక మూసిన పుస్తకం, తెర ముందు రాస్తున్న పుస్తకం ఒకదానికొకటి ఎదురుగా ఉండడాన్ని బట్టి చూస్తే, దాగి ఉన్న పాత వాగ్దానం కొత్త పుస్తకంలో బయటపడుతోందన్న అర్థం బాగా పొసగుతుంది. సరిగ్గా ఇదే భంగిమ మరో గ్రంథంలో ఉంది. వేర్‌మత్–జారో మఠాధిపతి సియోల్‌ఫ్రిత్ 716లో పోప్‌కు కానుకగా తీసుకువెళ్లిన పెద్ద బైబిల్‌లో, పుస్తకాల బీరువా ముందు కూర్చుని రాస్తున్న ఎజ్రా అనే పాత నిబంధన లేఖకుడి చిత్రమది. రోము చేరకుండానే సియోల్‌ఫ్రిత్ దారిలో చనిపోయాడు, బైబిల్ మాత్రం ఇప్పుడు ఫ్లారెన్స్ నగరంలో ఉంది. రెండు చిత్రాలకూ ఇటలీ నుంచి వచ్చిన ఒకే మాతృక ఉండి ఉండాలి. లిండిస్‌ఫార్న్ గ్రంథంలోని పండుగల పట్టికలో నేపుల్స్ సెయింట్ జనువారియస్ పేరుండడం కూడా ఇటలీ ప్రతుల రాకను రుజువు చేస్తుంది. జారో చిత్రకారుడు మాతృకలోని వెలుగునీడలను అలాగే ఉంచాడు. ఈడ్‌ఫ్రిత్ నీడలను తీసేసి, బట్టల మడతలను రంగు గీతలుగా మార్చి, మత్తయిని నేపథ్యంలేని ఖాళీ పుట మీద కూర్చోబెట్టాడు. ఒకప్పుడు దీన్ని చేతగానితనంగా చూసినవారున్నారు. పక్క పుటలో వెంట్రుకవాసి తేడా లేకుండా అల్లికలు గీసిన చేతికి మడత నీడ వేయడం రాలేదనడం నమ్మశక్యం కాదు. గీతనే భాషగా ఎంచుకున్న చిత్రకారుడు నీడను వదులుకున్నాడు.

అల్లికలోని మృగాలు మాత్రం ఇటలీ నుంచి రాలేదు. 1939లో ఇంగ్లండ్‌లోని సటన్ హూ దగ్గర తవ్వకాల్లో బయటపడిన ఏడో శతాబ్దపు రాజు సమాధిలో ఒక బంగారు బకిల్ దొరికింది. దాని మీద ఇవే రకం మృగాలు ఇలాగే పెనవేసుకుని ఉన్నాయి. క్రైస్తవానికి ముందటి యోధుల నగల మీది పనితనం కొన్ని తరాల్లోనే సువార్త అక్షరాల్లోకి వచ్చి చేరింది. లూకా సువార్త తొలి పుటలో కుడి అంచు కింద ఒక పిల్లి తల ఉంది. దాని ఒళ్లే ఆ అంచు పొడవునా పైకి సాగింది, ఒంటి నిండా అది మింగిన పిట్టలున్నాయి, కింది అంచులో మరికొన్ని పిట్టలు దాని నోటివైపే నడిచి వస్తున్నాయి. ఇదే పుటలో అక్షరాల చుట్టూ ఎర్రని చుక్కలు పది వేలకు పైగా ఉన్నాయి. కలం మొనతో ఒక్కొక్కటిగా పెట్టిన చుక్కలవి.

ఇంత సూక్ష్మమైన పనికి వేసిన ప్రణాళిక ఇంకా చర్మం మీద కనబడుతుంది. వృత్తలేఖిని ముల్లు గుచ్చిన రంధ్రాలు, కొలత గళ్లు, పత్రాల వెనుకవైపు సీసపు మొనతో గీసిన నమూనాలు ఉన్నాయి. వెనుక గీసిన నమూనా, చర్మానికి వెనుక దీపం పెడితే ముందువైపుకు కనిపించేది. అప్పటిదాకా రాతప్రతుల్లో సీసపు మొనను వాడిన దాఖలా లేదు. ఆ చేయి పని కోసమే ఆ ఉపాయాన్ని కనిపెట్టి ఉంటుంది.

రంగుల విషయంలో చాలాకాలం ఒక పొరపాటు అభిప్రాయం ఉండేది. ఆ నీలం అఫ్గానిస్తాన్‌లోని బదఖ్షాన్ గనుల నుంచి వచ్చిన లాజవర్ద రాయి పొడి అని నమ్మి, ఎనిమిదో శతాబ్దంలోనే లిండిస్‌ఫార్న్ దాకా అంత దూరపు వర్తకం సాగిందని రాసేవారు. ఈ శతాబ్దం మొదట్లో పుటను ముట్టుకోకుండానే లేజర్ కాంతితో పరీక్షించినప్పుడు అది నీలిమందేనని తేలింది. ఐరోపాలో పెరిగే వోడ్ మొక్క ఆకుల నుంచి తీసే ఈ నీలంలో ఉన్నది, మన నీలిచెట్టు ఇచ్చే పదార్థమే. ఈ పరీక్షకు మూలం 1928లో సి.వి. రామన్ కనుగొన్న కాంతి పరిక్షేపణం. విశాఖపట్నంలో బడిచదువు సాగించిన రామన్ ఆవిష్కరణ ఈ దీవి గ్రంథం గుట్టు విప్పడం తెలుగు చదువరికి సంతోషం కలిగించే విషయం. మిగతా రంగులు కూడా మనకు పరిచయమైనవే. ఎరుపు సీసంతో చేసే సింధూరం. పసుపు హరిదళం. హరిదళానికి నీలిమందు కలిపి ఆకుపచ్చ చేసేవారు. బంగారం రెండు పుటల్లో, అదీ చుక్కంత మాత్రమే ఉంది. బంగారం చూపించే పనిని హరిదళం చేసింది. దొరికిన నాలుగు రంగులతో, పొరల మీద పొరలు వేసి, ఇన్ని ఛాయలు పలికించడంలో ఉన్న ప్రతిభ, దూరదేశపు రాయి తెప్పించుకోవడంలో ఉన్న వైభవం కన్నా గొప్పది.

బంగారం, లాజవర్దం రాజ్యమేలింది తర్వాతి శతాబ్దాల్లో. జిప్సం, తెల్లసీసం, జిగురు, కాస్త చక్కెర కలిపిన ముద్దను చర్మం మీద ఉబ్బెత్తుగా పూసి, ఆరాక దాని మీద నోటితో ఊపిరి ఊది చెమ్మ చేసి, బంగారు రేకు అద్ది, కుక్క పంటితో గానీ నునుపు రాయితో గానీ రుద్ది మెరుగుపెట్టేవారు. రేకు కింద ఉబ్బు ఉండడం వల్ల పుట కదిలినప్పుడల్లా వెలుగు జారి ఒక చోటి నుంచి ఇంకో చోటికి పోతుంది. ఆకాశపు రంగును నీలం నుంచి బంగారానికి మార్చడంలోని ఉద్దేశం కూడా ఇదే. అది ఊరి ఆకాశం కాదు, పరలోకపు వెలుగు. లాజవర్దాన్ని దంచి, మైనం, బంక, నూనె ముద్దలో కలిపి, క్షారజలంలో పిసికితే మొదట దిగేది శ్రేష్ఠమైన నీలం. ఈ ఖరీదైన పొడి ఎవరి చేతుల్లో ఉండేదో చెప్పే సాక్ష్యం 2019లో ఊహించని చోట దొరికింది. జర్మనీలోని డాల్‌హైమ్ మఠం శ్మశానంలో, పదకొండో శతాబ్దం అటూ ఇటూగా చనిపోయిన ఒక నడివయసు స్త్రీ పంటి గారలో లాజవర్ద రేణువులు ఇరుక్కుని కనిపించాయి. కుంచె మొనను పెదవులతో సన్నబరుచుకునే చిత్రకారుల అలవాటు వల్ల అవి చేరి ఉండవచ్చని పరిశోధకుల అభిప్రాయం. చిత్రిత గ్రంథాలంటే మఠాల్లోని పురుషుల పనే అనుకోవడం తప్పని చెప్పడానికి, 975 నాటి స్పెయిన్ గ్రంథంలో ఎండే అనే చిత్రకారిణి సంతకంతో పాటు, ఇప్పుడు ఈ పన్ను కూడా సాక్ష్యంగా నిలిచింది.

పదమూడో శతాబ్దం నుంచి గృహస్థుల కోసం తయారైన ప్రార్థనా సమయ గ్రంథాలు వేరే కథ. ఫ్రాన్స్‌లోని బెర్రీ ప్రభువు జాన్ కోసం లింబర్గ్ సోదరులు ముగ్గురు గీసి, 1416లో ముగ్గురూ చనిపోవడంతో మధ్యలో ఆగిపోయిన గ్రంథంలోని నెలల చిత్రాలు ఎంత అందమైనవైనా, అక్కడ అక్షరం చిత్రానికి దారి ఇచ్చి పక్కకు తప్పుకుంది. అయితే చిత్రంతో చదువరికి ఉన్న సంబంధం తగ్గలేదు. దివ్యబలిపూజ గ్రంథాల్లో ప్రధాన ప్రార్థన ముందు వచ్చే సిలువ చిత్రాన్ని గురువు పూజలో ముద్దు పెట్టుకునేవాడు. ఏళ్ల తరబడి ముద్దులతో క్రీస్తు ముఖం చెరిగిపోతోందని, చిత్రకారులు పుట అడుగున ముద్దు కోసమే ఒక చిన్న సిలువను విడిగా గీయడం మొదలుపెట్టారు. కొన్ని గ్రంథాల్లో ఆ చిన్న సిలువ తెల్లగా అరిగిపోయి, పైనున్న ముఖం భద్రంగా ఉంది. కొన్నింట్లో గురువు ఆ ఏర్పాటును పట్టించుకోలేదని, చెరిగిన పాదాలను చూస్తే తెలుస్తుంది. మరికొన్నింట్లో దయ్యాల ముఖాలను ఎవరో గోళ్లతో గీకేశారు.

పదో శతాబ్దంలో ఆల్డ్రెడ్ లిండిస్‌ఫార్న్ గ్రంథాన్ని తెరిచేసరికి, వైకింగుల దాడుల వల్ల దీవి వదిలిన సమాజం కత్‌బర్ట్ శవపేటికతో చాలాచోట్ల తిరిగి చెస్టర్–లీ–స్ట్రీట్‌లో స్థిరపడి ఉంది. అతడు ప్రతి లాటిన్ మాట మీదా తన కాలపు ఆంగ్లంలో అర్థం రాశాడు. ఆంగ్లంలో నిలిచి ఉన్న తొలి సువార్తల అనువాదం అదే. చదవడానికి కష్టమైన ఆ తొలి పుటలను కూడా అతడు వదల్లేదు. అక్షరాల మధ్య చిక్కిన సందుల్లో సన్నగా అర్థాలు ఇరికించాడు. అందమైన పుటను పాడుచేశాడని ఈ కాలపువారికి అనిపించవచ్చు. ఆ పుటను నిదానంగా, మాట వెంట మాటగా విప్పుకుంటూ చదివినవాడు ఒకడు ఉన్నాడనడానికి మనకున్న ప్రత్యక్ష నిదర్శనం ఆ గీతలే.

లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో ఉన్న ఈ గ్రంథాన్ని ప్రదర్శనలో పెట్టినప్పుడు తెరిచి ఉండేది ఒక్క జత పుటలే. చిత్రం, తివాచీ, అక్షరం అనే వరుస అద్దాల పెట్టెలో కనబడదు. కెల్స్ గ్రంథం పుటలన్నింటినీ ట్రినిటీ కళాశాల ఇంటర్నెట్‌లో ఉచితంగా ఉంచింది కాబట్టి అక్కడ ఈ వరుసను అనుసరించవచ్చు. ప్రసిద్ధమైన 34వ పత్రానికి నేరుగా వెళ్లకుండా, మత్తయి మొదటి అధ్యాయాన్ని పక్కన తెరిచి పెట్టుకుని 29వ పత్రం దగ్గర మొదలుపెట్టడం మేలు. పేర్ల పుటలు దాటాక 32వ పత్రం వెనుక క్రీస్తు చిత్రం, 33వ దాని మీద తివాచీ పుట, ఆ తర్వాత ఖీ, రో అక్షరాలు వస్తాయి.